అవమానాన్ని ఎన్నిసార్లు చూడాలి?

2024 ఏప్రిల్ 16న విశాఖపట్నంలోని ఎస్సీ, ఎస్టీ కేసుల ప్రత్యేక న్యాయస్థానం వెంకటాయపాలెం శిరోముండనం కేసులో తీర్పు చెప్పింది. నేరం జరిగింది 1996 డిసెంబరు 29న, నాటి తూర్పు గోదావరి జిల్లాలో. దళిత యువకులను హింసించి, ఇద్దరికి గుండు గీయించిన ఆ కేసులో తోట త్రిమూర్తులుతో పాటు ఇతర నిందితులకు పద్దెనిమిది నెలల జైలుశిక్ష పడటానికి 27 ఏళ్ళకు పైగా పట్టింది. ఆ శిక్ష చాలునా, అప్పీలులో నిలుస్తుందా అన్నది వేరే చర్చ. ఇక్కడ నేను ప్రస్తావించదలచింది మరొకటి. ఆ అవమానానికి వీడియో లేదు. చూసినవారు ఊరివారు మాత్రమే. మిగిలిన రాష్ట్రం దాన్ని పత్రికల్లో అక్షరాలుగా చదివింది.

2020 నాటికి ఆ స్థితి పూర్తిగా మారిపోయింది. ఆ ఏడాది జూలైలో సీతానగరం పోలీసుస్టేషన్లోనే ఒక దళిత యువకునికి గుండు గీసి మీసాలు తీసేశారన్న ఆరోపణపై ఎస్సైని అరెస్టు చేశారు. ఆగస్టులో విశాఖ శివారు పెందుర్తిలో, ఒక సినీ దర్శకుని ఇంట్లో పని మానేసిన దళిత యువకునిపై ఫోను దొంగతనం మోపి గుండు గీయించారన్న కేసు నమోదైంది. ఆ ఇంటి సీసీ కెమెరా దృశ్యాలు బయటికి వచ్చి చానళ్ళలో, ఫోన్లలో తిరిగాయి. నేరాన్ని రుజువు చేయడానికి పనికొచ్చే ఆ దృశ్యమే బాధితుని అవమానాన్ని లక్షలమంది ముందు మళ్ళీ మళ్ళీ ప్రదర్శించింది.

పెందుర్తి మా పద్మనాభానికి దూరమేమీ కాదు. ఆ దృశ్యాలు ఇక్కడి ప్రతి ఊళ్ళోకీ వచ్చాయి. కిళ్ళీకొట్టు దగ్గర బల్లమీద కూర్చున్నవారూ చూశారు, ఎస్సీ కాలనీలో గడపమీద కూర్చున్నవారూ చూశారు. బల్లమీదివారిలో కొందరు ‘అయ్యో’ అన్నారు, కొందరు ‘అసలు వాడేం చేశాడో’ అన్నారు, మరుక్షణం వేలితో పైకి తోసి తర్వాతి హాస్యపు వీడియోకు వెళ్ళిపోయారు. కాలనీలో డిగ్రీ చదివే ఒక కుర్రాడు మాత్రం ఆ వీడియోను దాచుకున్నాడు. ఎందుకురా అంటే, ‘మర్చిపోకూడదని, సార్’ అన్నాడు. కొంతసేపాగి, క్షౌరశాలలో కుర్చీ ఎక్కినప్పుడల్లా అది గుర్తొస్తోందని కూడా చెప్పాడు. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న దూరాన్ని మన మీడియా చర్చలు కొలవడం లేదు.

సెల్‌ఫోను మనుషులను ఒంటరివారిని చేస్తోంది, నిద్ర చెడగొడుతోంది, కోపిష్ఠులను చేస్తోంది అన్న వ్యాసాలు మనకు కొదవలేదు. వాటిలో కనిపించే ‘ప్రేక్షకుడు’ ఏ పేటవాడో తెలియని మనిషి. 2014లో వెలువడిన ఫేస్‌బుక్ ప్రయోగ ఫలితం ఇందుకు మంచి ఉదాహరణ. 6,89,003 మంది ఖాతాదారులకు కనిపించే పోస్టుల్లో సంతోషాన్నో విచారాన్నో కొంచెం తగ్గించి చూస్తే, వారి రాతల్లోనూ ఆ భావం స్వల్పంగా మారిందని తేలింది. భావోద్వేగాలు తెరమీదుగా అంటుకుంటాయన్నది ఆ పత్రం చెప్పిన మాట. ఎవరికి, ఏ చరిత్ర ఉన్నవారికి అన్న ప్రశ్న అందులో లేదు.

ఆ ప్రశ్న వేసిన అధ్యయనం 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అమెరికాలో ఆయుధం లేని నల్లజాతీయులను పోలీసులు చంపిన తర్వాతి నెలల్లో, ఆ రాష్ట్రంలోని ఇతర నల్లజాతీయుల మానసిక ఆరోగ్యం క్షీణించినట్లు పరిశోధకులు గుర్తించారు. మృతునితో వారికి చుట్టరికం లేదు, పరిచయమూ లేదు. అదే రాష్ట్రంలోని తెల్లవారిలో మాత్రం అటువంటి ప్రభావం కనబడలేదు. సంఘటన ఒకటే, వార్త ఒకటే, గాయం ఒక వర్గానికే. జాతి స్థానంలో కులాన్ని పెట్టి ఇటువంటి అధ్యయనం మన విశ్వవిద్యాలయాలు ఎందుకు చేపట్టవు? ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర విభాగం ఉంది, సామాజికశాస్త్ర విభాగమూ ఉంది. పెందుర్తి, పద్మనాభం వాటికి బస్సు దూరంలోనే ఉన్నాయి.

విశాఖ నడిరోడ్డుమీద 2020 మే 16న జరిగినదాన్ని ఈ వెలుగులో చూడాలి. నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రిలో మత్తువైద్యుడైన డాక్టర్ సుధాకర్ కరోనా తొలిరోజుల్లో మాస్కులు లేవని బహిరంగంగా అన్నందుకు సస్పెండయ్యారు. చొక్కా లేని ఆ దళిత వైద్యుని చేతులు వెనక్కి విరిచి కట్టి పోలీసులు తీసుకువెళ్ళిన దృశ్యం రాష్ట్రమంతా తిరిగింది. ఆయన్ను చివరకు మానసిక వైద్యశాలకు తరలించారు. హైకోర్టు జోక్యం చేసుకుని సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. సరిగ్గా తొమ్మిది రోజుల తర్వాత, మే 25న, మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ హత్యను ఒక బాలిక తన ఫోనులో చిత్రీకరించింది. ఆ వీడియో చూసి లోకం పోలీసు వ్యవస్థను నిలదీసింది. విశాఖ వీడియో చూసి మనలో చాలామంది ఆ డాక్టరు తాగి ఉన్నాడా, పిచ్చివాడా అని వాదించుకున్నారు. కళ్ళెదుట కనిపిస్తున్న చేతుల కట్లకన్నా ఆయన మానసిక స్థితి పెద్ద చర్చ అయింది. 2021 మేలో ఆయన గుండెపోటుతో మరణించారు. ఒక మనిషిని ఆ స్థితిలో చూసినప్పుడు ముందు ఏ అనుమానం మెదులుతుందో నిర్ణయించేది కెమెరా కాదు, అంతకుముందే మనసులో స్థిరపడి ఉన్న కులం.

వీడియోలే లేకపోతే ఈ కేసులు కట్టేవారా అని నా దళిత మిత్రులే అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. 1996 కేసు సాగిన తీరే దానికి జవాబు. పోలీసుస్టేషను మెట్లెక్కడానికి భయపడే కుటుంబానికి చేతిలో ఫోను ఒక బలం. చిత్రీకరించవద్దని నేను అనను. చిత్రీకరించడానికీ పంచిపెట్టడానికీ మధ్య గీత చెరిగిపోయిందన్నదే నా ఆందోళన.

చట్టం ఏమంటోంది? అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో తెచ్చిన సవరణతో, బలవంతంగా గుండు గీయడం, మీసాలు తీసేయడం సెక్షన్ 3(1)(ఇ) కింద పేరుపెట్టి చెప్పిన నేరాలయ్యాయి. కులం పేరుతో అవమానించడం నేరం కావాలంటే మాత్రం అది ‘ప్రజల దృష్టిలో పడే చోట’ జరిగి ఉండాలి. 2020 నవంబరులో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు, బయటివారెవరూ లేకుండా నాలుగు గోడల మధ్య అన్న మాటకు ఆ సెక్షన్ వర్తించదంది. 2022లో కేరళ హైకోర్టు, ఇంటర్నెట్‌లో పెట్టిన దూషణ ఎవరు తెరిచి చూసినా ప్రజల దృష్టిలో పడినట్టేనంది. అంటే దూషణ విషయంలో ప్రసారం కూడా గాయపరుస్తుందని న్యాయస్థానం గ్రహించింది. మరి సానుభూతితోనే ప్రసారం చేసే మన సంగతి? లైంగిక దాడి బాధితురాలి పేరు బయటపెట్టడం మన చట్టంలో నేరం. గుండు గీయించుకున్న మనిషి ముఖానికి అటువంటి కవచం లేదు. ఆ ముఖాన్ని మసకబార్చకుండా చూపించిన చానలును, ఫార్వర్డ్ చేసిన ఉద్యమకారుణ్ణి అడిగేవారూ లేరు.

సీతానగరం యువకుడు ఆ తర్వాత రాష్ట్రపతికి లేఖ రాశాడు. నక్సలైట్లలో చేరడానికి అనుమతి ఇమ్మన్నాడు. పత్రికలు దాన్ని సంచలన వార్తగా వేసి ఊరుకున్నాయి. పోయిన గౌరవం తిరిగి రాదని తేల్చుకున్న మనిషి రాసే లేఖ అది. ఆ నిరాశలో ఆలస్యమైన న్యాయం వాటా ఎంత, ఊరూరా తిరిగిన ఫొటో వాటా ఎంత అని అడిగినవారిని నేను చూడలేదు.

అవే ఫోన్లలో రెండో సరుకు కూడా నడుస్తోంది, అది గర్వం. పద్మనాభం కొండ కింద 1794 జూలై 10న విజయనగర రాజు చిన విజయరామరాజు కంపెనీ సైన్యంతో పోరాడి నేలకొరిగాడు. ఇటువంటి చరిత్రను అరనిమిషానికి కుదించి, కత్తుల చప్పుడు జోడించి, ఒక కులానికి కిరీటంగా పెట్టే రీళ్ళను మా ఊరి పిల్లలు రోజూ చూస్తున్నారు. పన్నులు, పేష్కషు బాకీలు, కంపెనీ ఎత్తుగడలు అందులో ఉండవు. రాజుతోపాటు చనిపోయిన పేరులేని బంట్లు ఏ కులాలవారో అసలే ఉండదు. ఒకవైపు వారికి వీరుల వీడియోలు, మరోవైపు వారికి గుండు గీసిన వీడియోలు. ఒకే డేటా ప్యాకు మీద ఇద్దరు పిల్లలు రెండు రకాల మనుషులుగా ఎదుగుతున్నారు. 2022 మే 24న అమలాపురంలో జిల్లాకు అంబేడ్కర్ పేరు వద్దంటూ ఇళ్ళు తగలబెట్టిన గుంపులో యువకులు ఉన్నారు. వాట్సాప్ గ్రూపులలో వారు పోగయ్యారని పోలీసులు చెప్పారు, ప్రభుత్వం ఇంటర్నెట్ ఆపేసింది. ఆ పేరు చూసి అంత కోపం తెచ్చుకునే మనసు ఆ ఒక్కరోజు సందేశాలతో తయారు కాలేదు.

ఇక పత్రికలు, చానళ్ళు. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ పరిశీలించిన 121 వార్తాగది నాయకత్వ స్థానాల్లో 106 అగ్రవర్ణాలవే. ఎస్సీ, ఎస్టీలు ఒక్కరూ లేరు. బాధితుని ముఖం కనబడాలా వద్దా అని రాత్రి తొమ్మిది గంటల వార్తలకు ముందు తేల్చే బల్ల చుట్టూ, ఆ ముఖంలో తన తమ్ముణ్ణి చూసుకోగలిగిన మనిషి ఉండడం లేదు.

డిగ్రీ కుర్రాడు తర్వాత ఒకరోజు, వీడియోను చెరిపేయమంటారా అని అడిగాడు. పెందుర్తి దృశ్యం అతనికి ఎవరో పంపిన ప్రతి మాత్రమే, చెరిపేస్తే కేసుకు నష్టం లేదని చెప్పాను. రేపు తన కళ్ళముందే ఏదైనా జరిగితే ఏం చేయాలో కూడా మాట్లాడుకున్నాం. ఎలక్ట్రానిక్ సాక్ష్యం చెల్లాలంటే అసలు పరికరమో, చట్టప్రకారం ధ్రువపత్రమో కావాలని 2020 జూలైలో అర్జున్ పండిత్‌రావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. చేతులు మారిన వాట్సాప్ ప్రతి కన్నా, తీసిన ఫోను విలువైనది. కనుక తీసిన ఫోనును భద్రం చేయాలి, తేదీ, సమయం రాసుకోవాలి, ఫిర్యాదుతోపాటు న్యాయవాదికీ, దర్యాప్తు అధికారికీ చూపాలి. పత్రికకు ఇవ్వవలసి వస్తే ముందు బాధితుని అడగాలి, ముఖం మసకబార్చిన ప్రతే ఇవ్వాలి. ‘గ్రూపులో పెట్టొద్దా, సార్?’ అన్నాడు. ఆ గ్రూపులో బాధితుని చెల్లెలు కూడా ఉంటుందేమో చూసుకోమన్నాను.