తలుపు తీయండి

కోర్టు బంట్రోతు కాగితాల సంచీతో వీధిలోకి వస్తే చాలు, సగం తలుపులు మూతపడతాయి. బాకీ ఒక్కరిదే అయినా భయం అందరిదీ కాబోలు. "నాన్నగారు ఊళ్లో లేరండీ" అన్న మాట మన పిల్లలకు అక్షరాభ్యాసం కాకముందే వస్తుంది. నాన్నగారు మాత్రం పెరటి గదిలో దగ్గు ఆపుకుంటూ ఉంటారు.

పూర్వం, యజమాని దొరకనప్పుడు కాగితాన్ని ఇంట్లో వయసొచ్చిన మగవారికే ఇవ్వాలని సివిలు ప్రొసీజరు కోడులో ఉండేది. 1976లో ఆ భేదం తీసేశారు. ఇప్పుడు ఇల్లాలు అందుకున్నా చెల్లుతుంది. పనిమనిషి అందుకుంటే చెల్లదు. ఎవరూ పుచ్చుకోకపోతే వీధి తలుపుకు అంటించి పోతాడు. అందినట్టే అని కోర్టు తేల్చవచ్చు. ఇక దాక్కొని ఏం లాభం చెప్పండి?

నాకు తెలిసిన ఒక గుమాస్తా ఇలాగే మూడుసార్లు తప్పించుకున్నాడు. చివరకు జీతం జప్తు ఉత్తర్వు నేరుగా ఆఫీసుకే వచ్చింది. భార్యకు కూడా చెప్పని అప్పు బల్లబల్లకూ తెలిసిపోయింది. అప్పిచ్చినవాడు వడ్డీ వ్యాపారి కాడు. కూతురి పెళ్లికని దాచుకున్న సాటి గుమాస్తా. ఆ తరువాత ఇద్దరూ ఒకే గదిలో పనిచేస్తూ, మొహాలు చూసుకోకుండానే రిటైరయ్యారు.

అప్పిచ్చినవాడి కష్టమూ తక్కువది కాదు. డిక్రీ చేతికొచ్చిందని సంతోషించేలోగా, డబ్బు రావాలంటే మళ్లీ ఇ.పి. వేయాలంటాడు ప్లీడరు. ఈ దేశంలో దావా వేసినవాడి తిప్పలు డిక్రీ వచ్చాకనే మొదలవుతాయన్న అర్థంలో ప్రీవీ కౌన్సిలు 1872లోనే వాపోయింది. ఇ.పి.లను ఆరు నెలల్లో తేల్చాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చిందంటే, ఆ తిప్పలు ఇంకా తీరలేదన్నమాటే.

అలాగని అమీను వచ్చి ఇల్లు ఊడ్చుకుపోతాడనుకోకండి. ఆ కోడులో 60వ సెక్షను చదివితే, రాసినవాళ్లు మన వంటిళ్లు చూసి రాశారా అనిపిస్తుంది. కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచాలు, పక్కబట్టలు జప్తు చేయకూడదు. ఆచారం ప్రకారం స్త్రీ తీయకూడని నగ, మన మాటలో మంగళసూత్రం, ముట్టకూడదు. పనివాడి పనిముట్లు, రైతు బతుకుతెరువుకు కావలసిన ఎడ్లు, విత్తనాలు వదిలేయాలి. అప్పు డిక్రీకి జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు పట్టకూడదు. డబ్బు డిక్రీకి ఆడవారిని అరెస్టు చేయకూడదు. మగవారినైనా, కేవలం చెల్లించలేదన్న కారణానికి జైల్లో పెట్టరాదని, చెల్లించగలిగి ఉండీ దురుద్దేశంతో ఎగవేసినవాడి సంగతి వేరని 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు చెప్పారు.

ఇన్ని రక్షణలూ ఎవరికి? కోర్టులో నిలబడి "నా జీతం ఇంత, నా సంసారం ఇది" అని చెప్పుకున్నవారికి. అవతలివారు ఒప్పుకుంటే వాయిదాల మీద కట్టుకునే వీలూ ఉంది. పెరటి గదిలో దాక్కున్నవాడి తరఫున ఈ సంగతులు ఎవరు చెబుతారు?

కనుక బంట్రోతు వస్తే తలుపు తీయండి. ఎండనపడి వచ్చినవాడు, మంచినీళ్లివ్వండి. సంతకం పెట్టి కాగితం పుచ్చుకోండి. వాయిదా తేదీ చూసుకొని, ఇంట్లో ఆవిడకు చెప్పి, ప్లీడరు దగ్గరకు బయలుదేరండి. కాగితం వెనక్కు పోయినంత మాత్రాన వడ్డీ వెనక్కు పోదు సుమండీ!