పదేళ్ల బిడ్డకు పదో తరగతి పరీక్ష వద్దు

జూన్ దగ్గర పడింది. బడులు తెరవకముందే టీసీ తెచ్చుకుని, చురుకైన బిడ్డను ఇంట్లోనే చదివించి, రెండు మూడేళ్లలో పదో తరగతి దాటించేయాలని నాందేడ్, ధర్మాబాద్, బిలోలీ, దెగ్లూర్ ప్రాంతాల్లో ఆలోచిస్తున్న తెలుగు తల్లిదండ్రులు ఎవరైనా ఉంటే, వాళ్లు కాస్త ఆగాలి. ఇంటి చదువు మంచిది కాదని మేము అనడం లేదు. కొందరు పిల్లలకు అదే సరైన దారి. బిడ్డ ఏ పాఠంలో ఏ మెట్టు మీద ఉందో చూసుకోకుండా, ముందున్న వయసు నిబంధనలు తెలుసుకోకుండా బడి మాన్పించడమే ప్రమాదం.

నాందేడ్ అంటే ఇవాళ నీట్ కోచింగ్ ఊరు. మరాఠ్వాడా పల్లెల నుంచి పిల్లలు ఇక్కడికొచ్చి హాస్టళ్లలో ఉండి చదువుతారు. అలాంటి ఊళ్లో బిడ్డ తెలివైనదని తెలియగానే ఇంటిల్లిపాదికీ ఎంబీబీఎస్ సీటే కళ్లముందు మెదులుతుంది. కానీ ఎంబీబీఎస్‌లో చేరే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండనివారు నీట్‌కు అర్హులు కారు. పన్నెండో తరగతి పదమూడేళ్లకే ముగించిన బిడ్డ ఆ తర్వాత నాలుగేళ్లు ఏం చేయాలి? చదివింది మరిచిపోతూ, అదే బయాలజీ పుస్తకం మళ్లీ మళ్లీ తిప్పుతూ, తోటివాళ్లెవరూ లేని గదిలో కూర్చోవాలి. ఈ లెక్క వేసుకోకుండా పరుగు పెట్టించడం బిడ్డ ముందరికాళ్లకు మనమే బంధం వేయడం.

సార్వత్రిక విద్య దారిలోనూ వయసు అడ్డం వస్తుంది. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్)లో పదో తరగతి స్థాయి కోర్సుకు 14 ఏళ్లు, పన్నెండో తరగతి స్థాయికి 15 ఏళ్లు నిండాలి. ఇంట్లో కుదరక మళ్లీ బడికి పంపుదామన్నా చిక్కే. విద్యాహక్కు చట్టంలోని నాలుగో సెక్షన్ బడి మానేసిన బిడ్డను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోమంటుంది. ఇంట్లో ఎనిమిదో తరగతి బీజగణితం చేస్తున్న తొమ్మిదేళ్ల పిల్ల నాలుగో తరగతి బెంచీ మీద కూర్చోవాల్సి వస్తుంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టం ఇంటి చదువును పేరు పెట్టి నిషేధించలేదు, ఇంటి చదువుకంటూ ఒక దారీ వేయలేదు. కాబట్టి భారమంతా తల్లిదండ్రుల మీదే పడుతుంది.

చిన్న వయసులోనే పరీక్షలు దాటినవాళ్లూ లేకపోలేదు. హైదరాబాద్‌కు చెందిన నైనా జైస్వాల్ ఎనిమిదేళ్లకే కేంబ్రిడ్జి విధానంలో పదో తరగతి స్థాయి పరీక్ష గట్టెక్కింది, పదమూడేళ్లకు డిగ్రీ పూర్తి చేసింది, పైగా టేబుల్ టెన్నిస్ ఆడింది. తమ్ముడు అగస్త్య 2020లో పద్నాలుగేళ్లకే డిగ్రీ పట్టా అందుకున్నాడు. ఆ పిల్లల శ్రమ, ఆ ఇంటి పట్టుదల మెచ్చుకోదగ్గవే. మా భయమల్లా ఆ వార్తలు చదివి, ప్రతిభ అంటే తక్కువ వయసులో సర్టిఫికెట్ తేవడమేనని మిగతా ఇళ్లు తీర్మానించుకోవడం గురించే.

మన మహారాష్ట్రలోనే మరో ఉదాహరణ ఉంది. ముంబైకి చెందిన మాళవిక జోషి ఏడో తరగతిలో బడి మానేసింది. ఏ బోర్డు పరీక్షకూ తొందరపడలేదు. ఇష్టమైన కంప్యూటర్ ప్రోగ్రామింగ్‌లోకి లోతుగా వెళ్లింది. అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌లో రెండు రజతాలు, ఒక కాంస్యం గెలిచింది. పన్నెండో తరగతి సర్టిఫికెట్ లేనందువల్ల ఐఐటీలో చేరే వీలు లేకపోయింది. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ మాత్రం ఆమె స్థాయి చూసి ఎమ్మెస్సీ పాఠాలకు చేర్చుకుంది. 2016లో, పదిహేడో ఏట, అమెరికాలోని ఎంఐటీ పిలిచింది. ఈ కథలో ధైర్యం ఎంతుందో ముప్పూ అంతే ఉంది. ఆమెకు తలుపు తెరిచినవి ఒలింపియాడ్ పతకాలు. అవి లేని బిడ్డకు ఇక్కడి కాలేజీలు పన్నెండో తరగతి మార్కులే అడుగుతాయి. అందుకే సర్టిఫికెట్ వద్దనుకోకూడదు, దాన్ని వయసుకు ముందే లాక్కోవాలనీ చూడకూడదు.

అసలు పొరపాటు ‘ఏ తరగతి’ అని ఒక్క అంకెలో జవాబు వెతకడంలో ఉంది. బిడ్డ లెక్కల్లో ఎనిమిదిలో ఉండొచ్చు, సైన్సులో ఆరులో, రాతలో నాలుగులోనే ఉండొచ్చు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో పెరిగిన గణితవేత్త టెరెన్స్ టావో ఎనిమిదేళ్లకే అమెరికా శాట్ గణితంలో 760 తెచ్చుకున్నాడు. అయినా ఇంట్లోవాళ్లు అతణ్ని అన్నిట్లోనూ పై తరగతికి ఎక్కించలేదు. లెక్కలు పెద్దవాళ్లతో, మిగతా పాఠాలు అంతకంటే కింది తరగతుల వాళ్లతో చదివించారు. తొమ్మిదేళ్లకే విశ్వవిద్యాలయ గణితం మొదలుపెట్టినా డిగ్రీ చేతికొచ్చింది పదహారో ఏట.

మన సరిహద్దు ఇళ్లలో ఈ తేడాలు ఇంకా ఎక్కువ. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, వీధిలో హిందీ, కోచింగ్ మెటీరియల్ ఇంగ్లిషులో. బాసరలో అక్షరాభ్యాసం తెలుగులో అయిన బిడ్డ మహారాష్ట్ర బడి పుస్తకం బాలభారతిని మరాఠీలో చదువుతుంది. ఇంగ్లిషు పరీక్షలో వెనకబడితే తెలివి తక్కువని కాదు, మరాఠీలో గడగడా అప్పజెప్పితే అర్థమైందనీ కాదు. బాలభారతి పుస్తకాలు వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. బిడ్డ తరగతి పుస్తకంతో మొదలుపెట్టి, లెక్కల అభ్యాసాలు ఒక్కో తరగతి పైకి ఇస్తూ పొండి. పక్కన కూర్చుని సాయం చేయకండి. బిడ్డ ఆగి ఆలోచించడం మొదలుపెట్టిన చోటే చదువు సాగాలి. చేసిన లెక్క ఎందుకు అలా చేసిందో ఇంటి భాషలో చెప్పించండి, చెప్పలేకపోతే ఒక మెట్టు దిగండి. మూడు గంటలు కూర్చుని రాయగల ఓపిక చేతికి వచ్చిందా అన్నది మరో పరీక్ష. బీజగణితం వచ్చిన ఎనిమిదేళ్ల పిల్లల్లో చాలామందికి ఆ ఓపిక ఉండదు. ఇక కోచింగ్ సెంటర్లు ఫౌండేషన్ బ్యాచ్‌కు పెట్టే ప్రవేశ పరీక్షను బిడ్డ స్థాయికి కొలతగా నమ్మకండి. సీటు అమ్మేవాళ్లు పెట్టే పరీక్ష అది.

పద్నాలుగేళ్లు నిండాక ఎన్‌ఐఓఎస్‌లో చేరితే ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలున్నాయి. లెక్కలు ముందు, భాష తర్వాత అన్నట్టు ఒక్కో సబ్జెక్టూ రాసుకోవచ్చు. అప్పటిదాకా ఖాళీగా ఉండనక్కర్లేదు, ఒలింపియాడ్ లెక్కలు, ప్రోగ్రామింగ్, సంగీతం, తెలుగు చదవడం రాయడం, ఈడు పిల్లలతో సాయంత్రం ఆట, అన్నిటికీ చోటుంది. బడిలో పేరు ఉంచి, లెక్కల గంటకు మాత్రం పై తరగతిలో కూర్చోనిస్తారేమో హెడ్మాస్టరును అడిగి చూడండి. చాలామంది ఆ మాట అడగకుండానే టీసీ అడుగుతున్నారు.

ఈ జూన్‌లో టీసీ అర్జీ రాయకముందు ఒక కాగితం తీసుకోండి. బిడ్డకు 14, 15, 17 నిండే సంవత్సరాలు రాయండి, పాఠం పాఠానికీ బిడ్డ ఉన్న మెట్టు రాయండి, బడి మానడం బిడ్డకు ఇష్టమో కాదో అడిగి అదీ రాయండి. ఆ కాగితం నిండేదాకా బిడ్డను బడికి పంపండి.