బటర్‌ఫ్లై చావాల్సిందేనా?

పెళ్ళయిన కొత్తలో నేను రాసిన ఓ కథలో భర్త వదిలేసిన అమ్మాయి నూతిలో దూకి చనిపోతుంది. "బాగా ఏడిపించావే!" అని అందరూ మెచ్చుకున్నారు. పక్కింటి పిన్నిగారు మాత్రం, "అదేం చోద్యమమ్మా! మా ఆడబడుచుని మొగుడొదిలేస్తే మిషను కుట్టుకుని ఇద్దరు పిల్లల్ని చదివించింది. నీ కథలో పిల్లకేం వచ్చిందీ?" అనేశారు. అప్పుడు నాకు కోపమొచ్చింది. ఈమధ్య జపాన్‌లోని నాగసాకి గురించి చదువుతుంటే ఆవిడ మాటే గుర్తొచ్చింది.

నాగసాకి అనగానే మనకు 1945 నాటి అణుబాంబు గుర్తొస్తుంది. అంతకు చాలాముందే అది పేరున్న రేవుపట్నం. 1641 నుంచి డచ్చి వర్తకుల్ని అక్కడ దెజిమా అనే చిన్న కృత్రిమ దీవిలో ఉంచేవారు. వాళ్ళు భార్యల్ని తెచ్చుకోకూడదు. 1817లో అక్కడి డచ్చి అధికారి భార్య పసిబిడ్డతో సహా వస్తే కొన్ని నెలలకే వెనక్కి పంపేశారు. వేశ్యలకు మాత్రం ఆ దీవిలోకి వెళ్ళడానికి అనుమతి ఉండేది! 1859లో రేవు అందరికీ తెరిచాక తెల్లవర్తకులు వచ్చి కొండల మీద బంగళాలు కట్టుకున్నారు. డబ్బిచ్చి కొన్నాళ్ళకో 'పెళ్ళి' చేసుకోవడం, పనయ్యాక ఓడెక్కి వెళ్ళిపోవడం కూడా అక్కడ జరిగేవి.

ఆ నేపథ్యంతోనే ఇటలీలో పుచ్చీని 'మదామా బటర్‌ఫ్లై' సంగీత నాటకం వచ్చింది, 1904లో. అమెరికన్ నౌకాధికారి మరో పెళ్ళి చేసుకుని వచ్చి బిడ్డనిమ్మంటే, నాగసాకి అమ్మాయి కత్తితో పొడుచుకుని చనిపోతుంది. నూరేళ్ళు దాటినా ప్రపంచం ఆమె కోసం కన్నీళ్ళు పెడుతూనే ఉంది.

మరి నిజంగా అక్కడ బతికిన ఆడవాళ్ళ సంగతి?

ఓవురా కే 1828లో నూనె వర్తకుల ఇంట్లో పుట్టింది. 1853లో ఓ డచ్చివాడి చేత తేయాకు నమూనాలు విదేశాలకు పంపింది. తర్వాత ఓ ఇంగ్లీషు వర్తకుడు పెద్ద ఆర్డరిస్తే క్యూషూ దీవంతా తిరిగి సరుకు పోగుచేసింది. అలా తేయాకు ఎగుమతికి దారి వేసినవాళ్ళలో ఆమె ఒకరైంది. 1871లో ఎవరి పొగాకు బేరానికో హామీ ఉండి మోసపోయి అప్పుల్లో మునిగింది. అయినా నిలబడింది. 1884లో ప్రభుత్వం ఆమె సేవను గుర్తించింది. అదే ఏడాది కన్నుమూసింది.

ఇంకొకరు కుసుమోతో ఇనే. తండ్రి దెజిమాలో పనిచేసిన జర్మన్ వైద్యుడు సీబోల్ట్, తల్లి తాకి. పిల్లకి రెండేళ్ళప్పుడు, 1829లో తండ్రిని దేశం నుంచి వెళ్ళగొట్టారు. ఆయన జపాన్ పువ్వు ఒకదానికి తాకి పేరు పెట్టాడు. పువ్వుకి పేరు పెట్టడం సరే, పిల్లని పెంచింది మాత్రం తల్లే! ఇనే తండ్రి శిష్యుల దగ్గర వైద్యం నేర్చుకుంది. పెళ్ళి కాకుండానే తల్లయి, కూతుర్ని పెంచుకుంది. 1870లో టోక్యోలో వైద్యశాల పెట్టింది. 1873లో చక్రవర్తి ఇంటి పురుటికి ఆమెని పిలిపించుకున్నారు.

బటర్‌ఫ్లై దుఃఖం అబద్ధమని నేననను. పేదరికంతో అమ్ముడుపోయిన ఆడపిల్లలు ఆ రేవులో ఎందరో ఉన్నారు. నా బాధల్లా ఒకటే. చచ్చిపోయిన ఆడదాని కథ మనకి తొందరగా నచ్చుతుంది. అయ్యో పాపం అని కళ్ళు తుడుచుకుని లేచిపోవచ్చు. బతికున్నదైతే ఇల్లు ఎలా గడిచిందో, పిల్ల బడి జీతం ఎవరు కట్టారో, వదిలి వెళ్ళినవాణ్ణి ఎవరైనా నిలదీశారో లేదో చెప్పాల్సొస్తుంది. రాసేవాళ్ళకి అది కష్టం. చంపేయడం సులువు. నేను చేసిందీ అదే కదా! పైగా అలాంటి కథలు చదువుతూ పెరిగిన ఆడపిల్లకి, కష్టమొస్తే నుయ్యి తప్ప వేరే దారి లేదనిపిస్తే ఆ పాపం ఎవరిది?

నూతి కథ మళ్ళీ రాద్దామనుకుంటున్నాను. ముందు పిన్నిగారి ఆడబడుచు దగ్గరికి వెళ్ళాలి. చేతిలో పైసా లేని రోజుల్లో ఆ కుట్టుమిషను కొనడానికి డబ్బెక్కణ్ణుంచి తెచ్చిందో అడగాలి.