గాల్ఫునకు దేహసాధన మక్కఱలేదా?

సంపాదక మహాశయులకు,

గాల్ఫు నడకతోడి వినోదమే గాని దేహదార్ఢ్యమును గోరు క్రీడ కాదని మీ వ్యాసకర్త వ్రాసిన మాటను నే నంగీకరింపజాలను. బరువు లెత్తినచో కండరములు బిగిసి దెబ్బలోని లాఘవము చెడునని పలువురు వారించుచున్న కాలముననే ఆ సాధనను విడువక సాగించిన దక్షిణాఫ్రికా వాసి గేరీ ప్లేయర్, 1978లో, నలువది రెండేండ్ల ప్రాయమున, కడపటి దినపుటాటను 64 దెబ్బలతో ముగించి మాస్టర్స్ పోటీని మూడవమాఱు గెలిచెను.

క్లబ్బును విసరు శక్తి చేతులలో బుట్టదు. నేలనదిమిన పాదములనుండి తుంట్లకును, మొండెమునకును, భుజములకును ప్రాకి తుదకు కరములను జేరును. తుంటి చక్కగా తిరుగనిచో ఆ భారము నడుముపై బడును. ఈ ఆటగాండ్రలో నడుమునొప్పి యింత సామాన్యమగుటకు ఇదియొక కారణము. బాలురకు బంతిని గొట్టుట నేర్పువారు తుంటికిని నడుమునకును వలయు వ్యాయామమును తొలినాటనే నేర్పవలెనని నా విన్నపము.

ఇట్లు,
ఒక పాఠకుడు