కెమెరాకి మార్కులు సరే, టాక్‌బ్యాక్‌కి ఎన్ని?

కొత్త ఫోన్ రివ్యూలో ఏముంటుందో మీకు తెలిసిందే. కెమెరా, బ్యాటరీ, ఛార్జింగ్ స్పీడ్, గేమ్ ఆడితే ఎంత వేడెక్కుతుంది... యాప్ రివ్యూ అయితే లుక్, స్పీడ్, యాడ్స్ గోల. కానీ చూపు లేనివాళ్లు ఆ ఫోన్‌ని, ఆ యాప్‌ని వాడగలరా అనే వరస మాత్రం రివ్యూ టేబుల్‌లో దాదాపు ఎప్పుడూ కనిపించదు. ఆ వరస ఉండాలి, దానికీ మార్కులు వేయాలి అంటాను నేను.

"అంధులు టచ్ ఫోన్ ఎలా వాడతారు?" అని ఇప్పటికీ చాలామంది అడుగుతుంటారు. బాగానే వాడతారు. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్ అనే స్క్రీన్ రీడర్లు ఉన్నాయి. వాయిస్‌ఓవర్ అయితే 2009లో ఐఫోన్ 3జీఎస్‌తోనే వచ్చేసింది. వేలు పెట్టిన చోట ఏముందో ఫోన్ చదివి చెబుతుంది, డబుల్ ట్యాప్ చేస్తే ఓపెన్ అవుతుంది. విండోస్ కంప్యూటర్‌కి ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుంది. అంటే కావాల్సిన టూల్స్ చేతిలో ఉన్నాయి. చిక్కంతా వాటిని పట్టించుకోకుండా తయారయ్యే యాప్‌లు, వెబ్‌సైట్లతోనే.

డెవలపర్ ఒక ఐకాన్‌కి పేరు ఇవ్వకపోతే స్క్రీన్ రీడర్‌కి అది ఉత్త "బటన్". పేమెంట్ స్క్రీన్ మీద వరసగా "బటన్, బటన్, బటన్" అని వినిపిస్తే అందులో డబ్బు పంపేది ఏది, వెనక్కి వెళ్లేది ఏది? చివరికి ఫోన్ ఇంకొకరి చేతిలో పెట్టి, పిన్ కూడా చెప్పాల్సి వస్తుంది. పిన్ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులు మనకి మెసేజ్‌ల మీద మెసేజ్‌లు పంపుతుంటాయి. యాప్ సరిగా లేకపోతే ఆ జాగ్రత్త కొందరికి అందని లగ్జరీ అయిపోతుంది.

తెలుగులో ఇంకో తంటా ఉంది. నోటిఫికేషన్లు, కరపత్రాలు, స్టడీ మెటీరియల్ స్కాన్ చేసిన పీడీఎఫ్‌లుగానో, వాట్సాప్ బొమ్మలుగానో తిరుగుతుంటాయి. యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లలో టైప్ చేసినవైతే మన కంటికి చక్కటి తెలుగు, స్క్రీన్ రీడర్‌కి మాత్రం అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాల గుట్ట. అదే విషయం యూనికోడ్‌లో టైప్ చేసి ఉంటే హాయిగా చదివేస్తుంది.

"ఎంతమంది కోసం ఇదంతా?" అంటారా? 2011 జనాభా లెక్కల్లోనే దేశంలో అన్ని రకాల వైకల్యాలూ కలిపి 2.68 కోట్ల మంది ఉన్నారు. పైగా ఇది దయాదాక్షిణ్యాల విషయం కాదు. 2016లోనే దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చింది. అందుబాటు నియమాలు సలహాల్లా ఉంటే కుదరదు, తప్పనిసరి చేయాలని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో కోర్టుకు నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ యూనివర్సిటీలోని డిసెబిలిటీ స్టడీస్ సెంటర్. ఇక 2025 ఏప్రిల్ 30న, డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని అదే కోర్టు తేల్చింది. కేవైసీలో కెమెరా ముందు కళ్లు ఆర్పలేకపోయిన యాసిడ్ దాడి బాధితులు వేసిన కేసు అది. కళ్లు ఆర్పడం ఒక్కటే కాకుండా వేరే మార్గాలూ ఉండాలని ఆదేశించింది.

తీర్పులు వచ్చాయి కదా అని యాప్‌లు వాటంతటవే మారవు. కంపెనీలు రేటింగ్‌కి భయపడతాయి. బ్యాటరీ త్వరగా అయిపోతోందని వంద రివ్యూలు పడితే అప్‌డేట్ పరుగెత్తుకుంటూ వస్తుంది. బటన్‌కి పేరు లేదని కూడా అలాగే రాస్తే?

టెస్ట్‌కి ల్యాబ్ అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో యాక్సెసబిలిటీలోకి వెళ్లి ముందు టాక్‌బ్యాక్ షార్ట్‌కట్ పెట్టుకోండి, లేదంటే ఆఫ్ చేయడానికి తిప్పలు పడతారు. తర్వాత టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని, మీరు రోజూ వాడే యాప్‌లో ఒక రీఛార్జ్ పూర్తి చేసి చూడండి. కుడివైపు స్వైప్ చేస్తే తర్వాతి ఐటమ్‌కి వెళ్తుంది. ఆ తర్వాత ఫాంట్ సైజ్ ఫుల్‌గా పెంచండి. ఆండ్రాయిడ్ 14 నుంచి 200 శాతం దాకా పెంచుకోవచ్చు. అప్పుడు 'పే' బటన్ స్క్రీన్ మీద ఉందా, కిందకి జారిపోయిందా? ఈ రెండో టెస్ట్ మీ ఇంట్లో అమ్మమ్మకీ పనికొస్తుంది.

మీరే యాప్‌లు తయారు చేస్తుంటే గూగుల్ యాక్సెసబిలిటీ స్కానర్ ప్లేస్టోర్‌లో ఉచితం. పేరు లేని బటన్లు, మరీ చిన్న బటన్లు, మసకగా ఉన్న అక్షరాలు అదే పట్టి చూపిస్తుంది. మామూలు సైజు అక్షరాలకి, వెనకున్న రంగుకి మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలి. బటన్‌కి పేరు పెట్టడం చాలాసార్లు ఒక్క లైన్ కోడ్.

టాక్‌బ్యాక్‌తో బిల్లు కట్టలేని పేమెంట్ యాప్ ఎంత అందంగా ఉన్నా ఐదుకి నాలుగున్నర స్టార్స్ యాప్ కాదు. ఈసారి రేటింగ్ ఇచ్చేముందు ఒక్క ఐదు నిమిషాలు కళ్లు మూసుకుని వాడి చూడండి. ఏ స్క్రీన్‌లో, ఏ బటన్ దగ్గర ఆగిపోయారో ప్లేస్టోర్‌లో రాయండి.