అచ్చు ఇచ్చారు, అంగడి ఇవ్వలేదు

ధూల్‌పేటలో వినాయక విగ్రహాలు చేసే ఇంటి కుర్రవాడొకడు నా దగ్గర చదువుకుంటున్నాడు. మొన్న అతడు అడిగాడు: "సార్, మైక్రోసాఫ్టు వాళ్ళే లినక్సుకు ప్రోగ్రాములు వ్రాస్తున్నారు, సోర్సు కూడా ఇస్తున్నారు. ఇంకా వాళ్ళతో మనకు తగవేమిటి?" మన మిత్రులలో పలువురు, అధ్యాపకులు సైతం, ఇదే మాట అంటున్నారు. కనుక సమాధానం చెప్పవలసి ఉన్నది.

ముందు నిజాన్ని ఒప్పుకుందాం. 2001లో ఆ కంపెనీ అధినేత స్టీవ్ బామర్ లినక్సును క్యాన్సరుతో పోల్చాడు. 2014లో, హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల పగ్గాలు చేపట్టిన ఏడే, ఆ కంపెనీ లినక్సును ప్రేమిస్తున్నానన్నది. 2016లో డాట్‌నెట్ కోర్ విండోసుతోపాటు లినక్సు, మాక్‌లమీద కూడా నడిచే రూపంలో, సోర్సుతో సహా వెలువడింది. 2018లో కంపెనీ గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్లకు కొన్నది.

ఇది హృదయ పరివర్తనమా? కాదు. సర్వర్లలో లినక్సును ఓడించడం సాధ్యపడలేదు. ఈలోగా యంత్రాలను అద్దెకిచ్చే అజూర్ వ్యాపారం పెరిగింది. అద్దెకు దిగినవాడు ఏ దేవుణ్ణి కొలిస్తే ఇంటి యజమానికేమి? నెల తిరిగేసరికి అద్దె ముట్టితే చాలు!

విజువల్ స్టూడియో కోడ్ సంగతి చూడండి. దాని సోర్సు ఎంఐటీ లైసెన్సు క్రింద అందరికీ దొరుకుతుంది. మనం దించుకొనే తయారు సరుకు మాత్రం కంపెనీ సొంత లైసెన్సుది. దాని అనుబంధాలు దొరికే మార్కెట్‌ప్లేసును కంపెనీ ఉత్పత్తులతో తప్ప వాడరాదని షరతు. విగ్రహం చేసేవానికి అచ్చు ఒక్కటే చాలదు, అమ్ముకొనే చోటు కూడా కావాలి. ఆ సంగతి ధూల్‌పేట కుర్రవానికి నేను చెప్పనక్కరలేదు.

2021 అక్టోబరులో ముసుగు జారింది. నడుస్తున్న ప్రోగ్రామును ఆపకుండానే మార్చగల 'హాట్ రీలోడ్' సదుపాయాన్ని డాట్‌నెట్ బహిరంగ పరికరాలనుండి తొలగించి, విజువల్ స్టూడియో 2022కే పరిమితం చేయబోయారు. ప్రోగ్రామర్లు తిరగబడ్డారు. కొద్ది రోజులలోనే కంపెనీ వెనక్కు తగ్గింది. దయవల్ల కాదు, ఒత్తిడివల్ల.

లైసెన్సుల తేడా ఇక్కడే తెలుస్తుంది. ఎంఐటీ లైసెన్సు ప్రకారం, తీసుకున్నవాడు తాను మార్చినదానికి మళ్ళీ తాళం వేసుకోవచ్చు. 1989లో స్టాల్‌మన్ వ్రాసిన జీపీఎల్ మాత్రం, మార్చి పంచిపెట్టేవాడు సోర్సునూ ఇచ్చితీరాలంటుంది. ఒకటి దానం, రెండవది హక్కు.

అయితే వారిచ్చినది వాడరాదా? వాడండి, నేనూ వాడుతున్నాను. కళ్ళు మూసుకొని కృతజ్ఞత చూపడమే తప్పు. 1998నుండి ఈ నగరంలో ఆ కంపెనీ అభివృద్ధి కేంద్రమున్నది. ఇదే నగరంలో 'స్వేచ్ఛ' కార్యకర్తలు లినక్సును తెలుగులోకి తెచ్చారు. మన విద్యార్థులు మొదటిదాని గుమ్మంవైపే చూస్తున్నారు. రెండవదాని పేరైనా వారికి చెప్పిన అధ్యాపకులెందరు? ఈ తప్పులో నాకూ పాలున్నది.

ఆ కుర్రవానికి నేనిచ్చిన సమాధానమిది: "ఏ ప్రోగ్రామునైనా నేర్చుకో. కాని మొదటి రోజున దాని లైసెన్సు చదువు. రేపు కంపెనీ తలుపు మూస్తే నీ చేతిలో ఏం మిగులుతుందో లెక్కవేసుకో." ఈ లెక్క మన తరగతి గదులలో ఇంకా మొదలు కాలేదు.