రాజుగారి రాకతో రద్దయిన రెండు గెలుపులు

1896వ సంవత్సరము ఏప్రిల్ 9వ తేదీన ఏథెన్సు నగరమందలి జాపియోన్ మందిరములో ఐదుగురు వీరులు సేబర్ కత్తులు చేపట్టి ఒకరినొకరు ఎదుర్కొనిరి. ఆధునిక ఒలింపిక్ క్రీడలలో సేబర్ పోటీ జరుగుట అదియే ప్రథమము. ముగ్గురు గ్రీకులు, ఒక డెన్మార్కు దేశీయుడు, ఒక ఆస్ట్రియా దేశీయుడు: ఆనాటి అంతర్జాతీయ స్పర్ధకు ఇంతే పరివారము. అయినను ఆ స్వల్పమైన గోదాలో జరిగిన ఒక సంగతి క్రీడలను ప్రేమించువారందరును ఆలోచింపదగినంత గురుతరమైనది కావున, ఈ వారము దానిని గూర్చియే వ్రాయదలచితిని.

కత్తిసాములో నేడు మూడు ఆయుధములు వాడుకలో నున్నవి. ఫాయిల్, ఎపే అను రెండింటను కత్తిపోటు మాత్రమే లెక్కకు వచ్చును. సేబరులోనన్ననో పోటుతో పాటు వేటును చెల్లును. అశ్వికసైనికుని కరవాలమునకు వారసురాలగుటచే దీనికి ఆ స్వేచ్ఛ సంక్రమించినది. నేటి సేబర్ బరువు 500 గ్రాములు మించరాదు. నడుమునకు పైభాగమున, శిరస్సుతో సహా, తగిలిన దెబ్బకే విలువ. ఈ తేలికవలన సేబర్ పోరాటమునకు అసాధారణమైన వేగము కలిగినది. కత్తి కదలినదా లేదా అని ప్రేక్షకుడు సంశయించులోపలనే దెబ్బ తగిలియుండును. తగిలిన దెబ్బను విద్యుత్సాధనముతో గుర్తించు ఏర్పాటు 1896 నాటికి లేదు. న్యాయనిర్ణేతల కన్నులే ప్రమాణము. ఆనాడు ఎవడు ముందుగా మూడు దెబ్బలు వేయునో వాడే విజేత. ప్రతి యోధుడును తక్కిన నలుగురితోను తలపడవలెను.

ఆస్ట్రియానుండి వచ్చిన అడాల్ఫ్ ష్మాల్ అను యువకుడు ఆనాడు తన మొదటి రెండు పోరాటములను గెలిచెను. అంతలో గ్రీసు రాజగు మొదటి జార్జి కుటుంబసమేతముగా మందిరమునకు విచ్చేసెను. రాజకుటుంబము పోటీని ఆద్యంతము తిలకింపవలెనను తలంపుతో నిర్వాహకులు అంతవరకు జరిగిన పోరాటములన్నిటిని రద్దుచేసి, మొదటినుండి మరల ఆరంభించిరి. ష్మాల్ గెలిచిన రెండు పోరాటములును జరుగనట్లే అయినవి. రెండవసారి అతడు ఒక్క విజయముతో నాలుగవ స్థానమున నిలిచెను. నాలుగు పోరాటములను గెలిచి ఇయోన్నిస్ జార్జియాడిస్ ప్రథముడయ్యెను; టెలిమాకస్ కరకాలోస్ ద్వితీయుడు; డెన్మార్కునుండి వచ్చిన హోల్గర్ నీల్సెన్ తృతీయుడు. జార్జియోస్ ఇయాట్రిడిస్‌కు ఒక్క గెలుపును దక్కలేదు.

నిర్వాహకుల పక్షమున చెప్పదగిన మాటలు లేకపోలేదు. పదునైదు శతాబ్దములు నిద్రించిన ఉత్సవమును లేపి నిలుపుటకు రాజపోషణము అత్యావశ్యకమైన కాలమది. యువరాజు కాన్‌స్టంటైన్ స్వయముగా నిర్వాహక సంఘమునకు అధ్యక్షత వహించెను. రద్దు అందరికిని సమానముగానే వర్తించినది గదా యని కూడ ఎవరైన అనవచ్చును. ఆ మాటను నేను అంగీకరింపజాలను. గెలిచినవాడు పోగొట్టుకొనునది గెలుపు. ఓడినవాడు పోగొట్టుకొనునది ఓటమి. ఈ రెండును ఒకే నష్టమని చెప్పుట ఎట్లు? అంతేకాదు. మూడు దెబ్బలతో ముగిసిపోవు సేబర్ పోరాటములో ప్రత్యర్థి ఎరుగని ఎత్తుగడయే యోధుని మూలధనము. రెండుసార్లు పోరాడినవాడు తన అడుగుల తీరును, వేటు వేయు వైపును, వెనుకకు తగ్గు సమయమును ఎదిరికిని, చుట్టు నిలిచి చూచుచున్న తక్కినవారికిని తెలియజేసియే యుండును. మరల ఆరంభించినను ఆ తెలిసినది తెలియకపోదు. వెచ్చించిన బలము తిరిగి రాదు. అందుచేత రెండవ ఆరంభము మొదటి ఆరంభమునకు సమానము కానేరదు.

ఇట్లనుటచే జార్జియాడిస్ ఘనతకు లోపము కల్పింపవలెనని నా ఉద్దేశము కాదు. 20 ఏండ్ల ప్రాయమున అతడు సాధించిన ఆ విజయము యాదృచ్ఛికము కాదనుటకు, పదేండ్ల తరువాత 1906లో ఏథెన్సునందే జరిగిన క్రీడలలో సేబర్ వ్యక్తిగత పోటీని అతడే మరల గెలుచుట చాలిన సాక్ష్యము. తరువాతి కాలమున అతడు ఏథెన్సు విశ్వవిద్యాలయములో విషశాస్త్రాచార్యుడయ్యెను. నీల్సెన్ జీవితము ఇంకను విశేషమైనది. నీట మునిగి శ్వాస ఆగినవానిని బోర్ల పరుండబెట్టి, వీపును అదుముచు మోచేతులను పైకెత్తుచు ఊపిరి తెప్పించు విధానమును 1932లో లోకమునకు అందించినది ఈతడే. నోటితో ఊపిరి ఊదు పద్ధతి ప్రబలువరకు అనేక దేశముల ప్రథమచికిత్సా పాఠములలో ‘హోల్గర్ నీల్సెన్ పద్ధతి’ అను పేర అది నిలిచినది. కత్తిపట్టిన చేయి ఇందరి ప్రాణములకు ఆధారమగుట నాకు ఎంతయో ఆనందము గొలుపు విషయము.

ష్మాల్ మాత్రము నిరాశతో ఇంటిదారి పట్టినవాడు కాడు. అతడు ప్రధానముగా సైకిలు పందెగాడు. ఏప్రిల్ 13న నియో ఫలిరాన్ పందెపు బాటలో జరిగిన పండ్రెండు గంటల పందెమున తెల్లవారుజామున బయలుదేరినవారిలో ఇద్దరే కడవరకు మిగిలిరి: ష్మాల్, ఏథెన్సులోని బ్రిటిషు రాయబార కార్యాలయమున పరిచారకుడగు ఫ్రెడరిక్ కీపింగ్. దాదాపు 315 కిలోమీటర్లు తొక్కి, ఒకే ఒక చుట్టు ఆధిక్యముతో ష్మాల్ విజేత అయ్యెను. మరి రెండు సైకిలు పందెములలో తృతీయస్థానమును పొందెను. అటువంటి దేహదార్ఢ్యము, పట్టుదల గలవాని కత్తినుండి లాగికొనబడిన రెండు గెలుపులు ఎట్టివో దీనివలన ఊహింపవచ్చును.

మనదేశమునకు ఒలింపిక్ కత్తిసాములో తొలి ప్రవేశము కలిగించినదియు సేబరే. చెన్నపట్టణపు భవానీదేవి 2021 జూలైలో టోక్యో ఒలింపిక్ క్రీడలలో తన మొదటి పోరాటమును ట్యునీషియాకు చెందిన నాదియా అజీజీపై 15-3 తేడాతో గెలిచి, ఆ పిమ్మట ఫ్రాన్సు దేశీయురాలు మనోన్ బ్రూనే చేతిలో 7-15 తేడాతో ఓడెను. మహమ్మారి కారణముగా నాడు ప్రేక్షకులు ఉండవలసిన ఆసనములన్నియు శూన్యములే. చూచుటకు రాజులు లేరు, ప్రజలును లేరు. అయినను ఆమె వేసిన 22 దెబ్బలలో ఒక్కటియు వ్యర్థము కాలేదు. అన్నియు నమోదై నేటికిని ఉన్నవి. క్రీడ చూపరుల కొరకు గాక ఆడువారి కొరకు జరుగునపుడు దానికి కలుగు గౌరవము ఇదియే.

1896 నాటి ఫలితముల పట్టికను మార్చుమని నేను కోరుట లేదు. జార్జియాడిస్ ప్రథముడే, ష్మాల్ నాలుగవవాడే. కాని ఒలింపిక్ చరిత్రలు వ్రాయువారు, ఆ పట్టికను మరల ముద్రించునపుడెల్ల, దాని క్రింద ఒక్క పంక్తి చేర్చవలెనని మాత్రము ప్రార్థించుచున్నాను: రాజుగారి రాకకు పూర్వము ష్మాల్ రెండు పోరాటములు న్యాయముగా గెలిచియుండెనని.